ఫోన్‌లో పద్యం దొరుకుతుంది, ఏ ప్రతిలోదో మాత్రం తెలియదు

సంపాదకులకు నమస్కారం.

భారత భాగవతాలు, గీత, ఉపనిషత్తులు అరచేతిలోకి వచ్చేశాయని, ఇక ఎవరి గడపా తొక్కకుండానే సామాన్యుడు శాస్త్రం చదువుకోవచ్చని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. మొదటి మాట నిజం. రెండోది సగమే నిజం. గ్రంథాలు దొరకడం వేరు, దొరికింది ఏ ముద్రణ నుంచి తీసుకున్నదో, దిద్దినవారెవరో తెలియడం వేరు. ఈ రెండోది లేకనే చదివేవాళ్లు తికమక పడుతున్నారు. కొత్త యాప్ ఇంకొకటి వస్తే ఇది తీరదు. ఉన్న సాధనాలనే ఎలా వాడాలో, అవి ఎక్కడ మోసం చేస్తాయో తెలిస్తే చాలావరకు తీరుతుంది.

అంకెల గొడవతో మొదలుపెడతాం. గీతలో 700 శ్లోకాలని అందరికీ తెలుసు. కానీ కొన్ని ముద్రణల్లో 13వ అధ్యాయం మొదట అర్జునుడి ప్రశ్నగా ‘ప్రకృతిం పురుషం చైవ’ అనే శ్లోకం ఉంటుంది. అప్పుడు మొత్తం 701, ఆ అధ్యాయంలో 34కు బదులు 35. ఆ ఒక్క శ్లోకం వల్ల ‘ఇదం శరీరం’ ఒక యాప్‌లో 13-1, మరో యాప్‌లో 13-2 అవుతుంది. పుస్తకం ఒకటి, ఫోను మరొకటి పెట్టుకుని చదివేవారికి అధ్యాయమంతా ఒక అంకె తేడాతో సాగుతుంది. అదే గీతను మహాభారతం లోపల వెతికితే, గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ ముద్రణలో భీష్మపర్వం 25 నుంచి 42 వరకు ఉన్న అధ్యాయాలు పూనా భండార్కర్ సంస్థ పరిష్కృత ప్రతిలో (పాత ప్రతులు పోల్చి తేల్చిన పాఠంలో) 23 నుంచి 40 వరకు ఉంటాయి. బైబిల్ చదివేవారికి, ఖురాన్ చదివేవారికి ఈ బాధ చాలా తక్కువ. అధ్యాయం, వచనం అంకె చెబితే ఏ ముద్రణలోనైనా దాదాపు అదే చోటికి చేరతారు. మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి ముద్రణ పేరు చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం సగం చిరునామా రాసి ఉత్తరం వేసినట్టే.

అంకెలే కాదు, కథలు కూడా మారతాయి. పూనా ప్రతి పని 1919లో మొదలై 1966లో పూర్తయింది. దాని సంస్కృత పాఠం ఇప్పుడు నెట్‌లో ఉచితం, అక్షరం అక్షరం వెతుక్కోవచ్చు. అందులో ఆదిపర్వం తెరిచి, వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాసిన కథ కోసం వెతికితే ప్రధాన పాఠంలో కనిపించదు. ప్రాచీన ప్రతుల్లో దానికి ఆధారం చాలదని సంపాదకులు ఆ కథను మూలంలోంచి తీసి అనుబంధంలో వేశారు. ఇది తెలియనివారు ‘నెట్‌లో మన పురాణాన్ని కత్తిరించేశారు’ అని వాట్సాప్‌లో పంచుతారు. మరోవైపు తిక్కన భీష్మపర్వంలో గీత 18 అధ్యాయాలకూ తెలుగు పద్యాలు ఉంటాయనుకుని వెతికేవారూ ఉన్నారు. తిక్కన గీతను శ్లోకానికి పద్యంగా తెనిగించలేదు, చాలా క్లుప్తం చేశాడు. భాగవతంలో 5వ స్కంధం గంగన, 6వది సింగన, 11, 12 స్కంధాలు నారయ పూర్తిచేసినవే అయినా, బొమ్మ మీద పద్యం అచ్చువేసి పంపే కార్డులన్నింటి కిందా పోతన పేరే ఉంటుంది.

ఇక వెతకడం. తెలుగు కావ్యాల్లో ‘సెర్చ్’ పనిచేయడం లేదని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది ఈ కాలపు మాటను ఈ కాలపు రూపంలోనే టైపు చేస్తారు. గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో’ పద్యాన్నే తీసుకోండి. అందులో ‘ఆ మూల సౌధంబు’ అని వెతికితే దొరకదు. పాఠంలో ఉన్నది ‘నగరిలో నా మూల సౌధంబు’. ద్రుతం (నకారం) వచ్చి ‘ఆ’ను ‘నా’గా మార్చింది. అచ్చుతో మొదలయ్యే మాట ఏదైనా పద్యం నడుమ ఇలా న, య, మరో హల్లు వెనక దాక్కుంటుంది. పరుషంతో (క, చ, ట, త, ప) మొదలయ్యే మాటలు గ, స, డ, ద, వలై పోతాయి, తల్లి ‘దల్లి’ అవుతుంది. అందుకని మాట మొదటి అక్షరం వదిలేసి రెండో అక్షరం నుంచి వెతకాలి. ‘తల్లి’ కాదు, ‘ల్లి’ అని ఇచ్చి, పక్క మాట కూడా జోడించాలి. అరసున్న ఇంకో చిక్కు. పాఠంలో ‘వాఁడు’ అని ఉంటే ‘వాడు’ అని కొట్టినవారికి శూన్యమే. బండి ఱ ఉన్న మాటలకూ ఇంతే. సంస్కృత పాఠంలో ‘పాండవ’ అన్నది ‘పాణ్డవ’గా, ‘సంజయ’ అన్నది ‘సఞ్జయ’గా ఉండవచ్చు. కాబట్టి రెండు రూపాల్లోనూ ఒకసారి చూడాలి. అవగ్రహం ఽ (లోపించిన అకారానికి గుర్తు) బదులు ఇంగ్లిషు ఎస్ అక్షరం కొట్టిన పాఠాలు కూడా లెక్కలేనన్ని. కంటికి తేడా తెలియదు, యంత్రానికి మాత్రం అది వేరే అక్షరం. సున్న ‘ం’ ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్న ‘౦’, విసర్గ ఉండాల్సిన చోట కోలన్ పడినా ఇదే జరుగుతుంది.

ఈ తప్పులు ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే వాటిని పట్టుకోవడం తేలిక. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్‌కు ఇస్తే, అది బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి రాస్తుంది. తెలుగులో అది తడబడే చోట్లు దాదాపు స్థిరంగా ఉంటాయి. మ, వు ఒకదానికొకటి మారతాయి. ఘ బదులు ఫు, ఋ బదులు బు వస్తాయి. ప, వ, ష కలగలుస్తాయి. చుక్కలు, ఒత్తులు రాలిపోయి ధ, థ, ద తారుమారవుతాయి. పురుషార్థం పురుషార్ధమైతే అర్థం సగమైపోయినట్టే! పాత అచ్చుల్లో వలపలగిలక ఉంటుంది, ‘ధర్మ’ను ‘ధమ౯’లా అచ్చువేసేవారు. ఓసీఆర్ దాన్ని 9 అంకెగానో, ఇంగ్లిషు ఎఫ్‌గానో చదువుతుంది.

మీ చేతిలో పాత పుస్తకం ఉండి దాన్ని పాఠంగా మార్చాలనుకుంటే: 300 డీపీఐకి (అంగుళానికి చుక్కల లెక్క) తగ్గకుండా, అక్షరం చిన్నదైతే 400లో, బూడిదరంగులో స్కాన్ చేయండి. పూర్తి నలుపు తెలుపులో తీస్తే ధ, థల ఒత్తులు, థలోని చుక్క అక్కడే పోతాయి. పేజీ వంకర సరిచేయండి. రెండు నిలువు వరుసలుంటే ముందే కోసి విడగొట్టండి, లేకపోతే ఎడమ పాదం పక్కన కుడి పాదం వచ్చి కలుస్తుంది. పది పేజీల చొప్పున ముక్కలు చేసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే పాఠం వస్తుంది. కంప్యూటర్ తెలిసినవారు టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌ను తెలుగు నమూనాతో నడపవచ్చు. పద్యంతో పాటు కింద చిన్నక్షరాల ప్రతిపదార్థం ఉన్న పేజీలో ఫలితం బాగా చెడుతుంది, అవి రెండూ వేరు చేసి ఇవ్వాలి. ఆ తర్వాతిదే అసలు పని, దిద్దడం. తెలుగు వికీసోర్స్‌లో దీనికి మంచి పద్ధతి ఉంది. ఒకవైపు పేజీ బొమ్మ, మరోవైపు పాఠం ఉంటాయి. దిద్దని పేజీకి ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, వేరొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ. చదివేవారు ఆ రంగు చూసి పాఠాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవచ్చు. ఇంత చిన్న సంగతి చాలా భక్తి యాప్‌లలో ఎక్కడా కనిపించదు.

పద్యానికి ఒక అదృష్టం ఉంది, తప్పు పడితే అదే చాలాసార్లు అరుస్తుంది. పైన చెప్పిన పద్యం మత్తేభం. పాదానికి 20 అక్షరాలు, స భ ర న మ య వ గణాలు, 14వ అక్షరం యతి. ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా’ అని లెక్కపెడితే సరిగ్గా 20. 14వ అక్షరం ‘నా’. మొదటి అక్షరం ‘అ’కు ‘న’తో యతి కుదరదు కదా అనిపిస్తుంది. ఆ ‘నా’లో దాగిన ‘ఆ’తో కుదిరింది. అంటే అక్కడి మాట ‘ఆ మూల’ అని, ‘నా మూల’ కాదని యతే చెబుతోంది. వ్యాఖ్యానం చేతిలో లేనివారికి పదవిభాగం చేసిపెట్టే పరికరం ఇది. అక్షరం పోయినా, ఎక్కువైనా, దీర్ఘం హ్రస్వమైనా గణం తప్పుతుంది. రెండో అక్షరం చెడితే ప్రాస తప్పుతుంది. ఉత్పలమాలకు 20 అక్షరాలు, 10వది యతి. చంపకమాలకు 21, 11వది. శార్దూలానికి 19, 13వది. ‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్‌లో పద్యం అతికిస్తే ఈ లెక్కలన్నీ అదే చేసి తప్పిన చోటు చూపిస్తుంది. కానీ అది పట్టుకోలేనివీ ఉన్నాయి. ఇదే పద్యం రెండో పాదంలో ‘సరః ప్రాంత’ అన్నచోట విసర్గ పోయి ‘సర ప్రాంత’ అయినా, వెనక ‘ప్రా’ సంయుక్తాక్షరం ఉన్నందున ‘ర’ గురువుగానే నిలుస్తుంది. గణం చెడదు. ‘సౌధం’ బదులు ‘సౌథం’ పడినా ఛందస్సుకు పట్టదు. వాటికి కన్ను, మూలం బొమ్మ తప్ప మరో మార్గం లేదు. వచనానికైతే ఈ మాత్రం కాపలా కూడా లేదు, అందుకే భాగవత గద్యాల్లో తప్పులు ఎక్కువకాలం దాక్కుంటాయి.

సంస్కృతం రానివారు శ్లోకాన్ని తాత్పర్యం మీదే ఆధారపడకుండా చదవడానికి ఇప్పుడున్న దారి ఇది. కాన్పూర్ ఐఐటీ వారి గీతా సూపర్‌సైట్‌లో లిపి తెలుగుగా ఎంచుకుంటే శ్లోకం కింద శంకర, రామానుజుల భాష్యాలు వరుసగా తెరుచుకుంటాయి. శ్లోకాన్ని అక్కడి నుంచి తీసి, అక్షరముఖ అనే లిపి మార్పిడి సాధనంలో దేవనాగరిలోకి మార్చండి. దాన్ని హైదరాబాద్ విశ్వవిద్యాలయం సంస్కృత విభాగం తయారుచేసిన సంసాధనిలో సంధి విడగొట్టడానికి ఇవ్వండి. విడివడిన ఒక్కో పదాన్ని అక్కడే పద విశ్లేషణకు ఇస్తే విభక్తి, వచనం, లకారం (క్రియ కాలం, భావం) చెబుతుంది. అర్థానికి కొలోన్ విశ్వవిద్యాలయం వారి సంస్కృత నిఘంటువులు, తెలుగు మాటకైతే ఆంధ్రభారతి నిఘంటు శోధన. ఇవన్నీ ఉచితం.

‘కర్మణ్యేవాధికారస్తే’ ఇచ్చి చూడండి. కర్మణి, ఏవ, అధికారః, తే అని విడాలి. మొదటిచోట యణాదేశం, రెండోచోట సవర్ణదీర్ఘం, మూడోచోట విసర్గకు సకారం. యంత్రం ఒకే విభజన ఇవ్వదు, కుదిరేవన్నీ చూపిస్తుంది. ‘తే’ దగ్గర ‘నీకు, నీయొక్క’ అని ఒకటి, ‘వారు’ అని ఒకటి వస్తాయి. ఏది ఇక్కడ పొసగుతుందో చదివేవారే తేల్చాలి. అదే శ్లోకంలో ‘మా కర్మఫలహేతుర్భూః’ ఉంది. ‘భూః’ కోసం నిఘంటువు తెరిచినవారికి మొదట భూమి కనిపిస్తుంది. ఇక్కడ అది నామవాచకమే కాదు. ‘మా’ అనే నిషేధంతో వచ్చిన లుఙ్ (భూతకాల రూపం) క్రియ, ‘అభూః’లోని మొదటి అకారం పోయిన రూపం. ‘కర్మఫలానికి హేతువువు కావద్దు’ అని భావం. పద విశ్లేషణలో నామరూపం, క్రియారూపం రెండూ చూసే అలవాటు ఉంటేనే ఇది తడుతుంది.

ఈ దారిలో బండి ఆగిపోయే చోట్లు కూడా చెప్పాలి. తెలుగులో ఎ, ఏ రెండూ ఉన్నాయి, సంస్కృతంలో ఏకారం ఒక్కటే. ఎవరో ‘కర్మణ్యెవ’ అని హ్రస్వంతో టైపు చేసి ఉంటే, లిపి మార్చినప్పుడు దేవనాగరిలో సంస్కృతానికి అక్కరలేని అక్షరం వచ్చి సాధనం చేతులెత్తేస్తుంది. ఒ, ఓలకూ ఇంతే. సంధి విడకపోతే మొదట ఈ రెంటినీ చూడండి, తర్వాత సున్నను ఙ, ఞ, ణ, న, మలలో తగినదిగా మార్చి మళ్లీ ఇవ్వండి. పెద్ద సమాసాన్ని ఒక్కసారే ఇవ్వకుండా పాదం చొప్పున ఇవ్వడం మేలు. ‘బుధ్ధి’ వంటి ఒత్తుల తారుమారు సరిచేసి ‘బుద్ధి’ అని రాసుకోవాలి.

చాట్‌బాట్ల సంగతి. ‘ఈ విషయంపై గీతలో ఏముంది’ అని అడిగితే గడగడ చెబుతాయి, మధ్యలో లేని శ్లోకాలను కూడా పుట్టిస్తాయి. వాటికి రెండు గట్టి పరీక్షలు పెట్టవచ్చు. గీత అధ్యాయాల శ్లోక సంఖ్య వరుసగా 47, 72, 43, 42, 29, 47, 30, 28, 34, 42, 55, 20, 34, 27, 20, 24, 28, 78. ఈ వరుస ఒక కాగితం మీద రాసి ఫోను వెనక పెట్టుకుంటే చాలు. 12వ అధ్యాయం 25వ శ్లోకం అని ఎవరు చెప్పినా అది లేదు. రెండోది అక్షరాల లెక్క. అనుష్టుప్పు అయితే పాదానికి 8 అక్షరాలు. 11వ అధ్యాయంలో విశ్వరూప స్తుతి వంటి చోట 11 అక్షరాల పాదాలుంటాయి. 9, 10 అక్షరాలు వస్తే అనుమానించాలి. ఈ రెండూ దాటినా మూలంలో పాదం మొదటి మాట వెతికి కళ్లారా చూశాకే నమ్మాలి. వేదమంత్రాలకైతే ఇది కూడా చాలదు. ఉదాత్త అనుదాత్త స్వరాల గుర్తులకు యూనికోడ్‌లో (అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉన్న కంప్యూటర్ సంకేతాల్లో) చోటుంది గానీ, ఫాంటు మారితే గుర్తు పక్క అక్షరం మీదికి జరుగుతుంది. స్వరం నేర్చుకోవడం మనిషి నోటి నుంచే జరగాలి, ఆ విషయంలో మాకు సందేహం లేదు.

పాఠంగా మారిన గ్రంథం వల్ల ఎక్కువ మేలు జరిగేది చూపు మందగించినవారికి. స్కాన్ చేసిన పీడీఎఫ్ వట్టి బొమ్మ, ఫోను దాన్ని చదివి వినిపించలేదు. పెద్దది చేస్తే పేజీ పక్కకు జరిపి జరిపి చదవాలి. యూనికోడ్ పాఠమైతే అక్షరం ఎంత పెంచినా వరుస తెరలో ఇముడుతుంది, ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ తెలుగులో చదువుతుంది. తాత్పర్యం బాగానే చదువుతుంది, పద్యం చదివే తీరు మాత్రం వినలేం. నెట్ సరిగా అందని ఊళ్లకూ ఇదే మేలు. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటి 3 బైట్లు, ఒత్తు రెండు గుర్తుల లెక్క. పేజీకి 1,500 గుర్తులనుకున్నా 4.5 కిలోబైట్లు, వెయ్యి పేజీలు 5 మెగాబైట్లు దాటవు. అవే పేజీల బొమ్మలైతే వంద మెగాబైట్లు సులువుగా దాటుతాయి.

ఇక్కడే మన ప్రచురణకర్తలను అడగాల్సింది ఉంది. గత ముప్పై ఏళ్లుగా తెలుగు పుస్తకాలు చాలావరకు అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ పీడీఎఫ్‌లో నుంచి ఒక పద్యం కాపీ చేస్తే ఇంగ్లిషు గుర్తుల గందరగోళం వస్తుంది. డీటీపీ ఫైళ్లు ఉన్నవారు వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు స్థానం తప్పిన చోట్లు దిద్ది పెడితే ఓసీఆర్ అవసరమే ఉండదు. హక్కుల మాట వస్తే, రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు దాటిన వ్యాఖ్యలకు అడ్డు లేదు. మూలం పాతదే అయినా దానికి ఈమధ్య రాసిన తాత్పర్యాన్ని అనుమతి లేకుండా ఎక్కించకూడదు. చాలా యాప్‌లు ఈ హద్దు చూడకుండా దాటేస్తున్నాయి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులోకి చేరిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నా వెతికితే దొరకవు. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు నమోదు చేశారు. ‘భాగవతము’ అన్న ఒక్క మాటకే ‘భ’లో హెచ్ ఉన్నా లేకపోయినా, చివర ‘ము’ ఉన్నా లేకపోయినా నాలుగైదు రూపాలు. అన్నీ ప్రయత్నించాలి, దొరికాక పేజీ తెరిచి ముఖపత్రం మీద సంపుటం, ముద్రణ సంవత్సరం చూసి గానీ దించుకోకూడదు. రెండో సంపుటం పేరున మొదటిదే ఉండే సందర్భాలు తక్కువేం కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఈ-బుక్స్ సైటులో ఈ ఇబ్బంది తక్కువ, పుస్తకాల పేర్లు సరిగ్గానే ఉంటాయి.

దాతలు, భక్త సంఘాలు యాప్ చేయించి ఆవిష్కరణ సభ పెడుతున్నాయి. అదే డబ్బుతో ఒక పర్వాన్ని ఇద్దరి చేత రెండుసార్లు దిద్దించి, ఏ ముద్రణ ఆధారమో మొదటి పేజీలో రాసి, ఎవరైనా వాడుకునేలా పెడితే పది యాప్‌లకు అదే మూలమవుతుంది.

మీ పత్రిక నుంచి కోరేది చిన్నది. రోజూ మీరు వేసే శ్లోకం, పద్యం కింద గ్రంథం పేరుతో సరిపెట్టకుండా ముద్రణ, స్కంధం లేదా అధ్యాయం, అంకె కూడా వేయండి. 13వ అధ్యాయం శ్లోకమైతే 700 లెక్కా, 701 లెక్కా అన్నది కూడా ఆ పక్కన చేర్చండి.

ఇట్లు,
పాఠ పరిష్కరణ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
రాజమహేంద్రవరం